రెండు మూగ మెట్లు, ఒక కుందేలు

నా ఎడమ చెంప మీద, కంటికి వేలెడు కింద, ఒక గీత ఉంది. దానికి ఇప్పటిదాకా రెండు కథలు చెప్పాను. పెళ్ళిచూపుల్లో మా మామగారికి చెప్పింది చిరుతపులి కథ: యర్రగొండపాలెం అవతల అడవిలో అది నామీదికి దూకింది, నేను ఒడుపుగా తప్పుకున్నాను, గోరు మాత్రం తగిలింది, ఆ తర్వాత చిరుతే సిగ్గుపడి వెళ్ళిపోయింది. మా మామగారికి చిరుతల గురించి తెలిసింది తక్కువ, కాబోయే అల్లుడి గురించి తెలిసింది ఇంకా తక్కువ, నమ్మారు. పిల్లలు ఎదిగి చిరుత మగదా ఆడదా అని అడగడం మొదలుపెట్టాక పలకల గని కథలోకి మారాను: మా నాయన రాయి చీలుస్తుంటే పెచ్చు ఎగిరి తగిలిందని. ఇది కొంచెం నయం, మా నాయన నిజంగానే మార్కాపురం గనుల్లో రాయి చీల్చేవాడు. మూడో కథ, అంటే నిజంగా జరిగింది, ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల గిద్దలూరు నుంచి రూతు ఒక బిస్కెట్ల డబ్బా పట్టుకుని రాకపోయి ఉంటే చెప్పకుండానే పోయేవాణ్ణి. ఊరు నన్ను చిరుతను గెలిచిన వీరుడిగానే సాగనంపేది.

రూతు దీనమ్మత్త మనవరాలు. దీనమ్మత్త నాకు పియానో నేర్పిన మనిషి. ఈ ఎండాకాలంలోనే, తొంభై దాటాక, పోయింది. రూతు గిద్దలూరులో పిల్లలకు పాఠాలు చెబుతుంది, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. వచ్చీ రాగానే ఆ కీబోర్డును నా మంచం మీద పరిచి, మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

"తాతా, ఫోన్లో ఒకాయన చెప్తా ఉండాడు, ఆల్టర్డ్ డామినెంట్ కార్డులు అంట. రెండు నెలల నుంచి చూస్తా ఉండా, తలకెక్కడంలే. మొన్న ఆయన ఒకటి వాయించినాడు. వినంగానే నాకు నవ్వొచ్చింది. ఇది మన సామేలు తాత కార్డు గదా!"

కంభం నుంచి గిద్దలూరు దాకా చర్చిల్లో వాయించేవాళ్ళు ఒక కార్డును, అంటే కీబోర్డు మీద నాలుగైదు మెట్లు కలిపి నొక్కితే వచ్చే మోతను, సామేలు కార్డు అంటారు. ఆ సామేలు నేనే. పాట ముగిసేముందు, అందరూ ఇక ఇల్లు చేరినట్టే అనుకునే చోట, కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టు ఒక పుల్లని మోత మోగుతుంది, తర్వాత చల్లగా ఇల్లు చేరుతుంది. అది నాకెలా దొరికిందని అడిగిన ప్రతివాడికీ, నల్లమల కొండ మీద మూడు రోజులు ఉపవాసం ఉంటే నాలుగో రోజు తెల్లవారుతుండగా చెవిలో వినిపించిందని చెప్పేవాణ్ణి. మూడు రోజుల ఉపవాసం! మధ్యాహ్నం అన్నం అరగంట ఆలస్యమైతే మా ఆవిడ మీద అలిగే మనిషిని నేను.

"ఎన్నేండ్ల కిందటో కనిపెట్టినాలేమ్మా" అన్నాను, పెద్దగా పట్టించుకోనట్టు. "ఇప్పుడు ఆ ఫోనాయనకు తెలిసొచ్చింది."

"ఏంలేదు తాతా, చర్చి సంఘం పుస్తకం అచ్చేస్తా ఉండారు గదా, జేజి గురించి నన్ను రాయమన్నారు. 'సామేలుగారి దగ్గర కొత్త కార్డులు నేర్చుకొనింది' అని ఒక మాట చేర్చమన్నాడు పాస్టరయ్య. రేపే రాసి ఇయ్యాల. నిన్నడిగే రాద్దామని వచ్చినా. జేజి నీ దగ్గర నేర్చుకునిందా?"

అవుననడానికి నోరు తెరిచాను. నా నోటికి ఆ పని అలవాటే. ఈలోగా పిల్ల డబ్బా మూత తీసింది. లోపల ఒక చెయ్యి విరిగిన కళ్ళజోడు, ముక్కుపొడి డబ్బీ, మేకుతో గీసిన ఒక పలక ముక్క, పాటల కాగితాలు. ఆ కాగితాల మడతలోంచి తుప్పు పట్టిన ఒక తీగ తీసి నా చేతిలో పెట్టింది. మూరకు కొంచెం ఎక్కువ పొడవు, ఒక కొసన చిన్న కన్ను, ఆ కంట్లోంచి దూరిన రెండో కొస. ఉచ్చు.

"ఇది ఏంది తాతా? పాటల కాగితాల్లో చుట్టి పెట్టుకునింది."

నా చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. "బట్టలారేసుకునే తీగ లేమ్మా" అన్నాను.

"ఇంత తీగ మీద ఏం బట్టలారేస్తారు తాతా, చేతిగుడ్డా?"

పిల్లకు వాళ్ళ జేజి దీనమ్మత్త నాలుకే వచ్చింది.

మా కాలంలో చర్చి పక్కన హాస్టల్ ఉండేది. జొన్న సంకటి, నీళ్ళకు పసుపు పూసినట్టుండే పప్పు, ఆదివారం ఆ పప్పులోనే ఒక గుడ్డును ఇద్దరికి పంచడం, ఇదీ మా భోగం. మా నాయన ఒంటిమీద ఎప్పుడూ పలకరాయి దుమ్ము ఉండేది. వానలో తడిసినా బూడిదరంగు పోయేది కాదు. హాస్టల్లో నా సీటు ఊడితే నేను పోవలసింది ఆ గనికే, ఆ సంగతి నాకూ తెలుసు, దీనమ్మత్తకూ తెలుసు. ఆమె వితంతువు, మిషన్ బడిలో పంతులమ్మ, చర్చిలో పియానో ఆమెదే. దొరసానమ్మ ఒకావిడ దేశం వదిలి వెళుతూ మోసుకుపోలేక వదిలేసిన పియానో అది. చెదలు ఎక్కకుండా దాని కాళ్ళ కింద కిరోసిన్ పోసిన రేకు మూతలు పెట్టేవాళ్ళు. మూత ఎత్తితే కలరా ఉండల వాసన, దాని వెనకాలే దీనమ్మత్త ముక్కుపొడి వాసన. ప్రతి పాటకు ముందూ చిటికెడు పట్టు పట్టేది, ఒక్కసారీ తుమ్మేది కాదు. తుమ్ము మాత్రం ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు వచ్చేది. పియానో ముట్టుకోవాలంటే ముందు బట్టల సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. తర్వాత ఆమె మన చేతులు తిప్పి చూసి, గోళ్ళు వాసన చూసి, "పో, మళ్ళా కడుక్కో" అనేది. ఇప్పుడు కీబోర్డు వాయించే పిల్లలు ఒక చేత్తో బజ్జీ తింటూ రెండో చేత్తో దేవుణ్ణి స్తుతిస్తున్నారు, దేవుడు కూడా ఏమీ అనుకుంటున్నట్టు లేదు.

హాస్టల్లో సాధన చేసుకోవడానికి ఆమె నాకో పియానో చేసి ఇచ్చింది. గనిలో పనికిరాదని పారేసిన పొడుగాటి పలకచెక్కను మా నాయన తెచ్చిస్తే, దానిమీద మేకుతో మెట్లు గీసింది. తెల్లమెట్లకు సుద్ద పూయాలి, నల్లమెట్లకు ఏమీ పూయనక్కరలేదు, రాయే నలుపు. ఆ పలక మీద నేను వాయించినట్టు ఈ జిల్లాలో ఇంతవరకూ ఎవరూ వాయించలేదు. ఒక్క తప్పు వినపడలేదు.

కార్డులు చెప్పేటప్పుడు ఆమె పుస్తకం తెరిచేది కాదు. "కంభంలో బస్సెక్కినోడు మార్కాపురం దగ్గర పడేతలికి ఎట్ల ఉంటాడు రా? సంచి ఒళ్ళో పెట్టుకోని సీటు అంచుకు వస్తాడు గదా. జి సెవెన్ అంటే ఆ మనిషే. సి కార్డు వాని ఊరు. అది వచ్చిందాక కుదురుండడు." ఆ మనిషిలో కుదురు లేనిది ఎవరంటే బి, ఎఫ్ అనే రెండు మెట్లు. బి పక్కనున్న సి లోకి ఎక్కాలని, ఎఫ్ పక్కనున్న ఇ లోకి దిగాలని ఒకటే పోరు. "ఆ రెండిటినీ కదిలియ్యగాకు. కదిలిస్తే వాడు యాడికి పోతాడో వానికే తెలీదు. మిగిలిన డి, పైన కలుపుకునే ఏ ఉండాయే, అవి వానికి తోడొచ్చిన చుట్టాలు. ఉన్నా లేకపోయినా బస్సు పోతాది." రూతుకు ఆ ఫోనాయన రెండు నెలల్లో ఎక్కించలేకపోయింది ఇంతే. ఆ చుట్టాలిద్దరినీ పక్క మెట్టుకు, కిందికో పైకో జరిపితే అదే ఆల్టర్డ్ డామినెంట్. ఈ సంగతికి ఆయన నెత్తిన టోపీ, వెనకాల ఎర్రలైటు, నడుమ నడుమ మూడు ప్రకటనలు.

ఇక కుందేలు. హాస్టల్ వెనక పలకరాళ్ళ దిబ్బలు, వాటి అవతల కంది చేలు, చేలల్లో కుందేళ్ళు. పదిహేడేళ్ళవాడికి, సగం గుడ్డు తినేవాడికి, కుందేలు కనబడితే అది కుందేలులా కనబడదు, కూరలా కనబడుతుంది. ఇప్పుడైతే ఫారెస్టోళ్ళు లోపలేస్తారు. అప్పుడు ఉచ్చు వెయ్యడం రానివాణ్ణే వింతగా చూసేవాళ్ళు. బైండింగ్ వైరుతో ఉచ్చులు వేశాను, కుందేలు ఒక్క గుంజుకు తెంపుకుపోయింది. సైకిల్ బ్రేకు వైరు మంచిదే గానీ హాస్టల్ మొత్తానికి సైకిల్ ఉన్నది వార్డెన్‌కు ఒక్కడికే. ఆ వారం చర్చి ఊడ్చే వంతు నాది. దుమ్ము దులుపుదామని పియానో పైమూత తీశాను. లోపల బారులు బారులుగా ఉక్కు తీగలు, బిగువుగా, సన్నగా, మెరుస్తూ. ఒక్కో మెట్టుకు మూడేసి. ఇన్నింటిలో ఆరు పోతే ఏం పోతుంది అనుకున్నాను. మా నాయన పటకారు తెచ్చుకుని నడిమి సి పక్కనున్న మెట్టు దగ్గర రెండు కత్తిరించాను. మూడోది తెగి, ఎగిరి, నా చెంప మీద గీసింది. అదీ నా చిరుతపులి. ఆ చోటంటే భయమేసి మరుసటి రోజు బెత్తెడు అవతలికి జరిగి, గోనెసంచి కప్పి ఇంకో మూడు తీశాను. ఏ మెట్లవో చూడలేదు. తర్వాత నాకు నేనే, పాటకు అవసరం లేని మెట్లేవో లెక్కగట్టి తీశాను అని చెప్పుకున్నాను. లెక్కా లేదు, పాడూ లేదు. పటకారు పట్టిన చోట డి, భయపడి జరిగిన చోట ఏ.

ఆ ఆదివారం ఆమె డి నొక్కింది, మోగలేదు. ఏ నొక్కింది, మోగలేదు. ఆరాధన అయ్యాక ఒక్కతే పైమూత తీసి లోపలికి చాలాసేపు చూసింది. నేను గుమ్మం దగ్గర చాపలు చుడుతున్నాను, చుట్టిన చాపనే మళ్ళీ చుడుతున్నాను. మూత మూసి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, నా చెంప మీది కట్టు వంక చూసి, "ఏమయింది రా?" అంది. "పెచ్చు తగిలిందత్తా, గనిలో" అన్నాను. "కంటికి తగల్లేదు, బతికినావు" అని వెళ్ళిపోయింది.

తర్వాతి శనివారం కుందేలు పడింది. ఎనిమిది కిలోలు, మేకపిల్లంత. హాస్టల్లో వండితే వార్డెన్ పాలవుతుందని దీనమ్మత్త ఇంటికి తీసుకుపోయాను. మెడలో బిగుసుకున్న ఉచ్చు నాకు ఊడిరాలేదు, అట్లాగే ఇచ్చాను. ఎంత తెలివైనవాణ్ణో చూడండి. ఆమె కూర్చుని, నిదానంగా ఉచ్చు విప్పి, చీర కొంగుతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసింది.

"వైరు శానా గట్టిగుంది రా సామేలూ. యాడిది?"

"సైకిల్ షాపులో అడుక్కొచ్చుకున్నా అత్తా."

"ఆహా. మంచి సైకిలే" అని కిటికీ గూట్లో పెట్టింది. అంతే. మిగిలిన అయిదు ఉచ్చులూ నేను మళ్ళీ వెయ్యలేదు, దిబ్బల్లో పాతిపెట్టాను. పశ్చాత్తాపం అనుకోకండి, భయం.

ఈలోగా పియానోలో ఒక సంగతి జరుగుతూ వచ్చింది. ఎఫ్ కార్డు వచ్చినప్పుడు ఆమె ఏ ను కింది వరసలోంచి ఎడమచేత్తో తెచ్చుకునేది. జి సెవెన్ దగ్గర మాత్రం మొదటి ఆదివారం ఖాళీ వదిలేసింది. రెండో ఆదివారం వేలు జారి పక్కనున్న నల్లమెట్టు మీద పడింది. మూడో ఆదివారం జారలేదు, వేసింది. డి కి రెండు పక్కలా నల్లమెట్లే, ఏ కి రెండు పక్కలా నల్లమెట్లే. ఒక్కో వారం ఒక్కోటి రుచి చూసింది. చివరికి ఒకటి నిలబెట్టుకుంది: ఎడమచేతిలో జి, ఎఫ్; కుడిచేతిలో బి, డి కి పైనున్న నల్లమెట్టు ఇ ఫ్లాట్, ఏ కి కిందున్న నల్లమెట్టు ఏ ఫ్లాట్. వినడానికి పచ్చి మామిడికాయ కొరికినట్టు పళ్ళు జివ్వుమంటాయి. కానీ కుడిచేతి మూడు వేళ్ళూ ఒక్కో మెట్టు జరిగితే చాలు, బి ఎక్కి సి, ఇ ఫ్లాట్ ఎక్కి ఇ, ఏ ఫ్లాట్ దిగి జి, ఇల్లొచ్చేస్తుంది. అంత పులుపు తిన్నాక వచ్చిన ఇల్లు గనక అంతకు ముందెప్పుడూ లేనంత తియ్యగా ఉండేది. పాట అయ్యాక ఆమె పెదాల మీద చిన్న నవ్వు ఉండేది. అది చూసింది నేనొక్కణ్ణే, చాపల దగ్గరనుంచి.

సంఘపెద్ద బర్నబాసు మామకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన పాట వినేవాడు కాదు, తప్పులు వినేవాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ ఉండమని, నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"దీనమ్మా, ఏమనుకోగాకు. నెల దినాలుగా పాట చివర పుల్లగా మోగుతా ఉంది. నీ చెయ్యి తప్పుతా ఉంది. వయసు మీద పడె."

"పులుపు లేకుండ నీకు పప్పు దిగుతాదా మామా?"

"పప్పు గురించి కాదమ్మా. దేవుని పాట గురించి. పియానోలో ఏమన్నా చెడిందేమో, తాళం తియ్యి, మూతెత్తి చూద్దాం."

మూతెత్తితే తెగిన తీగలు, తీగలు చూస్తే ఆ వారం ఎవరు ఊడ్చారన్న ప్రశ్న, ఆ ప్రశ్నకు జవాబు నా చెంప మీద ఉంది. హాస్టల్, బడి, పలక పియానో, అన్నీ పోయి మా నాయన పక్కన సుత్తి. దీనమ్మత్త బొడ్లో ఉన్న తాళంచెవి మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.

"ఏమీ చెడలేదు మామా. నా చెయ్యే తప్పుతా ఉంది. కండ్లు కూడా ఆనడంలే" అంది. అప్పుడామెకు నలభై నిండాయో లేదో. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేది. "హాస్టల్ పిల్లోడు ఈ సామేలు ఉండాడు గదా, వాడు వాయిస్తాడు."

ఆ స్టూలు నాకు ఎలా వచ్చిందో ఊళ్ళో చెప్పే కథ వేరే ఉంది: పెద్దలంతా బతిమాలారు, నేను మూడుసార్లు కాదన్నాను. నిజానికి స్టూలు మీద ఆమె కూర్చున్న వేడి చల్లారకముందే కూర్చున్నాను. ఆమె పోయి ఆడవాళ్ళ చాపల్లో మూడో వరసలో కూర్చుంది, ఆ తర్వాత ఎప్పుడూ అక్కడే కూర్చుంది.

మూగ మెట్లు నాకు కూడా మూగవే కదా. మరుసటి రోజు ఆమే పలక ముక్క మీద ఆ కార్డు గీసి చూపించింది, ఏ వేలు ఎక్కడ, ఏ వేలు ఎటు జరగాలి. ఆ తర్వాతి ఆదివారం ఆమె కార్డే, ఆమె వాయించిన చోటే, మెట్టు తేడా లేకుండా వాయించాను. బర్నబాసు మామ లేచి వచ్చి నా భుజం తట్టాడు. "సూడండప్పా, కుర్రోడు ఎట్ల కొత్త ఫ్యాషన్ తెచ్చినాడో!" అన్నాడు. ఆమె చేసినప్పుడు తప్పు, వారం తిరగకుండా నేను చేస్తే ఫ్యాషన్. ఆ చెవులతో ఆయన ఇంకా చాలా ఏళ్ళు సంఘాన్ని నడిపాడు. మూడో వరస వైపు చూశాను. ఆమె చిటికెడు ముక్కుపొడి పీల్చుకుంటోంది.

ఇదంతా రూతుకు చెప్పాను. ఒకేసారి కాదు; మధ్యలో చిరుత రెండుసార్లు తొంగి చూసింది, తరిమేశాను. పిల్ల ఉచ్చును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ విన్నది. తర్వాత కీబోర్డు నా వైపు తిప్పింది. ఈ కాలపు కీబోర్డు మహా గొప్పది, ఒక మీట నొక్కితే వయొలిన్, ఇంకోటి నొక్కితే వాన, ఏ మెట్టూ చావదు, కరెంటు పోయినా మోగుతుంది. అన్నీ మోగుతాయి గనకే కాబోలు, పక్క మెట్టు మీద ఏముందో తెలుసుకోవడానికి రెండు నెలలు ఫోన్ చూడవలసి వస్తోంది. మాకు ఆ చదువు ఒక పటకారుతో అయిపోయింది.

"వాయించు తాతా. డి, ఏ రెండూ బాగుండాయి దీంట్లో. మామూలు జి సెవెన్ వాయించు."

వాయించబోయాను. ఎడమచెయ్యి సరిగ్గానే పడింది. కుడిచెయ్యి డి దగ్గరికి వచ్చి ఆగిపోయింది, ఇ ఫ్లాట్ మీదికి పోయింది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ అంతే. ఇన్నేళ్ళుగా ఆ రెండు మెట్లనూ నేను నొక్కనేలేదని అప్పుడే తెలిసింది. రూతు నా వేలు పట్టుకుని డి మీద పెట్టి నొక్కింది. మోగింది. ఇంత మామూలు మోతా అనిపించింది.

పిల్ల ఫోన్ తీసి, పుస్తకానికి రాసుకున్నదాంట్లో ఒక వాక్యం కొట్టేసి, కొత్తది రాసి, నాకు చదివి వినిపించింది: 'సామేలు కార్డు అని అందరూ అనేది మా జేజి దీనమ్మ కార్డు. తీగలు తెంపింది మాత్రం సామేలుగారే.' "ఇట్ల రాస్తే పాస్టరయ్య ఏమంటాడో తాతా" అంది. "ఏమన్నా అననీ. కింద నా పేరు పెడతా" అన్నాను. చిరుతను గెలిచినవాణ్ణి, పాస్టరుకు భయపడతానా? భయపడతాను. అయినా పెట్టాను.

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"తాతా, ఎనిమిది కిలోల కుందేలు యాడన్నా ఉంటాదా?"

"రెండు కిలోలు" అన్నాను. "రెండు కూడా ఉండదేమో. తోలు తీస్తే ఇంకా తక్కువ. మీ జేజి, మీ నాయన, నేను, ముగ్గురం తిన్నాం."

"సరిపోయిందా?"

ఆ రాత్రి దీనమ్మత్త ఇంట్లో తినడానికి కూర్చుంటే, ఎదురుగా కిటికీ గూట్లో ఆ తీగ ఉంది, దీపం వెలుగులో మెరుస్తూనే ఉంది. ఆమె కుండలో గరిటె తిప్పి, తిప్పి, వెతికి, రెండు తొడ ముక్కలూ నా పళ్ళెంలోనే వేసింది.